ఫేటియా అంచున ప్రపంచ విపణి

(వెల్గటూరులో చేసిన స్మారకోపన్యాసపు పాఠము)



ఎవరి స్మృత్యర్థమై మనమిచట కూడితిమో ఆ ఉపాధ్యాయుడు తన పేరిట సభలు జరుపరాదనియు, ఒకవేళ జరిపినను పేరు అచ్చువేయరాదనియు ఇంటివారితో చెప్పిపోయినందున, ఆ మాటను మన్నించి నేను వారిని మాస్టరుగారనియే ప్రస్తావింతును. బడిపని ముగిసిన పిదప సైకిలెక్కి తండాలకు పోయి, అక్కడి స్త్రీలు కుట్టి మిగిల్చిన గుడ్డపేలికలను అడిగి తెచ్చి, చిట్టా పుస్తకముల పుటలలో అతికించి, ప్రతి పేలిక క్రిందను దానిని కుట్టిన ఆమె పేరు, ఆమె పుట్టిన తండా, మెట్టిన తండా, ఎవరి పెండ్లికై కుట్టినదో ఆ వివరము, ముత్యాలవంటి అక్షరములతో వ్రాసియుంచుట ఆయన జీవితకాలపు వ్యాసంగము. తన పేరు వలదన్న ఆ మనిషి ఇతరుల పేర్లు మరుగున పడకుండుటకు ఎంత శ్రమించెనో ఆ పుస్తకములు చూచినవారికి తెలియును.

ఆ పుస్తకములలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి బొమ్మలు కావు. ప్రతి పేలిక ప్రక్కను ఆయన తప్పక పూరించిన ‘గుడ్డ’ అను గడి. తొలి పుస్తకములందు ఆ గడిలో ముతక ఖద్దరు, చేనేత బట్ట అని కనిపించును, నడిమివానిలో మిల్లుగుడ్డ, చివరివానిలో టెరికాటను, పాలిస్టరు. ఆ గడి మారినకొలది పైనున్న కుట్టును మారినది. లెక్కపెట్టి కుట్టిన చతురస్రములు, త్రికోణములు క్రమముగా సన్నగిల్లి, వాని చోట గీసుకొని కుట్టిన పువ్వులు, ఆకులు వచ్చినవి. నేడు నేను మనవి చేయబోవు విషయమంతయు ఆ చిన్న గడియందే ఉన్నది. కుట్టుబొమ్మ యనునది దానంతట అది నిలుచునది కాదు. దాని క్రింద నేల వంటి గుడ్డ యొకటి ఉండవలెను, ఆ గుడ్డను నేసిన చేయి ఉండవలెను, కుట్టినదానిని ధరించుటకు పెండ్లియో పండుగయో ఉండవలెను. వీని నన్నిటి నుండి విడదీసి బొమ్మను మాత్రమే అంగడికి పంపితిమేని, బొమ్మ పోవును, డబ్బు మాత్రము మనదాక రాదు.

అంగడి యనగానే మనలో కొందరు, సంస్కృతికి అదియొక కొత్త శత్రువైనట్లు, ముఖము చిట్లింతురు. ఈ నేలమీద నిలిచి ఆ మాట అనుట న్యాయము కాదు. ఇచటికి సమీపమున, పెద్దవాగు గోదావరిలో కలియు చోట, కోటిలింగాల గ్రామమున్నది. ఆ దిబ్బలపై దొరికిన నాణెములలో సాతవాహన వంశకర్తయైన చిముకుని నాణెములును, ఆతనికి ముందు ఈ సీమ నేలిన గోబదుడు, నారనుడు, కంవాయసిరి, సమగోపుడు మొదలగువారి నాణెములును ఉన్నవని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు చదివి చెప్పిరి. 1979 ప్రాంతము నుండి కొన్ని యేండ్లపాటు పురావస్తుశాఖవారు అచట త్రవ్వకములు జరిపిరి. శ్రీపాద యెల్లంపల్లి జలాశయపు నీరు ఇప్పుడు ఆ దిబ్బల అంచులను తాకుచున్నది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన సముద్రయాత్రా గ్రంథము ‘పెరిప్లస్’ నందు, ఇదే గోదావరి ఎగువనున్న పైఠాను నుండి విలువగల రాళ్ళును, ఆ ఎగువ సీమలోని తగర నుండి బట్టలును బండ్లపై భరుకచ్ఛపు రేవునకు చేరుచుండెననియు, దిగువనున్న మసాలియా సీమలో సన్నని వస్త్రములు విస్తారముగా తయారగుచుండెననియు వ్రాయబడియున్నది. నది ఎగువను దిగువను రెండు వేల యేండ్లనాడే ప్రపంచ విపణికి బట్ట పోయినది. పదునేడవ శతాబ్దమున గోలకొండ సుల్తానుల కాలములో మచిలీపట్టణపు అద్దకములు పారసీకమునకు పోవుచు, అచటి కొనుగోలుదారుల అభిరుచి ననుసరించి తీగెలను, చెట్లను, పూవులను మార్చుకొనినవి. ఐరోపా వర్తకులు తమకు కావలసిన నమూనాలను పంపి మరీ అద్దించుకొనిరి. కాబట్టి మన బొమ్మ ఏ కాలమందును గుహలో దాగిన మునివలె బయటి గాలి సోకక ఉండలేదు. అంగడి వచ్చుటా మానుటా అనునది ప్రశ్నయే కాదు. వచ్చిన అంగడితో బేరమాడునది ఎవరన్నదే ప్రశ్న.

ఇందుకు సాక్ష్యము వెదకుటకు గ్రంథములు కూడ అక్కరలేదు. లంబాడీ తల్లి కట్టిన ఫేటియా అంచు చూచిన చాలును. ఫేటియా యనగా కుచ్చిళ్ళ పావడ. కాంచళి యనగా వీపు విడిచి త్రాళ్ళతో బిగించుకొను రవిక. టుక్రి యనగా తలమీదుగా జారు మేలిముసుగు. ఎఱ్ఱని నేలపై పసుపు, తెలుపు, నీలి దారములతో నిండిన ఆ వస్త్రముల అంచులకు గవ్వలు కుట్టియుండును. ఆ గవ్వ మన వాగులలోనిది కాదు. మాల్దీవుల సముద్రమున పుట్టి, ఓడలలో వచ్చి, శతాబ్దముల తరబడి ఈ ఉపఖండమునను ఆఫ్రికాయందును చిల్లర నాణెముగా చెల్లి, చెల్లుబాటు తప్పిన పిదప తండా స్త్రీ చేతిలో అలంకారమైనది. ప్రక్కనున్న పాత నాణెమును అట్టిదే. అద్దపుబిళ్ళ ఎచటి నుండి వచ్చినను, దానిని గుడ్డపై నిలిపిన విధము మాత్రము ఆమెది: గాజునకు బెజ్జము పెట్టనక్కరలేకయే, దాని మీదుగా నిలువునకు, అడ్డమునకు దారములు లాగి, ఆ దారముల పందిరిని పట్టుకొని చుట్టును కాజా కుట్టువంటి కుట్టుతో బిగించును, గుడ్డ నలిగినను బిళ్ళ ఊడదు. లోకములోని వస్తువులన్నియు ఆమె గుడ్డ మీదికి వచ్చినవి. కాని ఏది ఎచట నిలువవలెనో ఆమె నిర్ణయించినది. స్థానిక సంస్కృతి యనగా నేను గ్రహించినది ఆ నిర్ణయాధికారమునే.

ఇక కుట్టు. కర్ణాటకమున సండూరు ప్రాంతపు లంబాణీ స్త్రీలు తమ కుట్లను పదునాలుగుగా లెక్కించుచు, కిలణ్, వేలె, బక్యా, మాకి, రేలో, నక్రా అని ఒక్కొక్కదానికి పేరు చెప్పుదురు. మన తండాలలో పేర్లు కొంత మారవచ్చును, పద్ధతి అదే. వీనిలో పెక్కు కుట్లు పోగులను లెక్కించి కుట్టునవి. వీర్నపల్లి వైపు తండాలో ఒక ముసలితల్లి నా యెదుట కూర్చుండి కుట్టుచుండగా చూచితిని. కాగితము లేదు, గీత లేదు, సుద్దముక్క లేదు. సూది మూడు పోగులు దాటి పైకి వచ్చును, మూడు పోగులు దాటి లోనికి పోవును, మరుసటి వరుసకు ఒక పోగు ప్రక్కకు జరుగును. అట్లు జరిగి జరిగి ఏటవాలు గీత ఏర్పడును, నాలుగు ఏటవాలు గీతలు కలిసి వజ్రపు ఆకృతి యగును. ఆమె ప్రక్కను ఒక కొత్త పాలిస్టరు ముక్కను ఉంచి, దీనిపై కుట్టరాదా యని అడిగితిని. “పోగులు లెక్కవెట్టాలె బిడ్డా. ఒక్కటి తప్పితె పువ్వంత వంకర వోతది. గీ పాలిస్టర్ల పోగే కండ్లకు అగుపడది, ఇగ ఏం లెక్కవెడ్త?” అని ఆమె సూదిని ఆపకయే బదులు చెప్పినది.

మాస్టరుగారి పుస్తకములోని గడికి ఇంతకన్న మంచి వ్యాఖ్యానము నాకెచటను దొరకలేదు. పండితులు లంబాడీ కుట్టులో రేఖాగణితము ప్రధానమగుటకు అనేక కారణములు చెప్పుదురు. వానిని నేను కాదనను. కాని ఆ రేఖాగణితము మొదట గుడ్డలో ఉన్నది. పడుగును పేకయు సమానముగా ముతకగా నేయబడిన బట్టయే ఒక గళ్ళపలక. దాని గళ్ళను అనుసరించి నడచిన సూది చతురస్రములను, త్రికోణములను తప్ప వేరొండు కల్పింపదు. నేతగాడు వేసిన బాటలో కుట్టుగత్తె నడచినది. ఇరువురును ఒకరినొకరు ఎఱుగకపోవచ్చును. సంతలో బట్టల మూట విప్పిన కోమటి మాత్రము ఇరువురిని ఎఱుగును.

ఈ తండాల పూర్వచరిత్రను కొంత స్మరింపవలెను. బంజారాలు ఎద్దుల మందలపై ధాన్యము, ఉప్పు మోసికొనుచు దక్కను నలుమూలల తిరిగి, మొగలు సైన్యములకును, ఊళ్ళకును సరకు చేరవేసిన వర్తకులు. ఇనుపదారులును, కంకర బాటలును వచ్చిన తరువాత పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వారి బేరము కూలినది. సంచారమే జీవికయైన జాతులను అనుమానముతో చూచిన ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము క్రింద అనేక ప్రాంతములలో వీరిని నమోదు చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో గాని ఆ మచ్చ తొలగలేదు. తెలంగాణములో 1976లో షెడ్యూల్డు తెగగా గుర్తింపబడిరి. ఒక కాలమున దేశమునకు అంగడిని మోసికొని పోయినవారు, మరియొక కాలమున అంగడి బయట నిలిచి కూలికి పోయిరి. ఆ పతనకాలమందును స్త్రీల వేషము మాత్రము మారలేదు. గుడారము మారినను, ఊరు మారినను, భాష వినువారు లేకపోయినను, ఫలానా వారమని చూచినవారికి తెలుపునది ఆ కుట్టుబట్టయే. ఇప్పుడు అది తీజ్ పండుగనాడును, పెండ్లినాడును పెట్టెలో నుండి బయటికి వచ్చుచున్నది. దాని బరువు, దానికి పట్టు కాలము, బస్సులోను బడిలోను ఎదుటివారి చూపు, ఇవన్నియు కలిసి పిల్లలను చీరకును, పంజాబీ డ్రెస్సుకును మళ్ళించినవి. అందుకు వారిని నిందించుటకు మనకు అధికారము లేదు.

పెట్టెలో మిగిలినదానికి అంగడి వెంటనే వచ్చినది. పాతబట్టకు స్టీలు గిన్నె ఇచ్చువారు తండా తండాకును తిరిగి అమ్మమ్మల ఫేటియాలను, టుక్రీలను సేకరించిరి. నగరములలో వానిని కత్తిరించి సంచులకును, దిండు గలీబులకును, గోడ తగిలింపులకును అతికించిరి. నాలుగు మాసములు కుట్టిన అంచు నాలుగు ముక్కలై నాలుగు ఇండ్లకు పోయినది. 2016లో చార్లట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ అను ఇరువురు బంజారాల వస్త్రములపై ఒక పెద్ద చిత్రగ్రంథము ప్రకటించిరి. అట్టి గ్రంథములో మనవారి పని చూచి సంతోషింతుము గాని, ఆ పనిని దాచుకొన్న పెట్టె ఖాళీయైన సంగతి మాత్రము మనసును కలచును.

ఇక సిరిసిల్ల. ఆ పట్టణపు పద్మశాలీలు చేనేత కూలినపుడు భివండికి, షోలాపూరుకు వలసపోయి, అచట మరమగ్గము నేర్చి, దానిని ఇంటికి తెచ్చిరి. వేలకొలది మరమగ్గములతో సిరిసిల్ల దక్కనునందు పేర్కొనదగిన నేతపట్టణమైనది. కాని అది నేసిన బట్టలో అధికభాగము అద్దకము లేని, అంచు లేని, బొమ్మ లేని ముడిబట్ట, తరువాత పాలిస్టరు. నేసినది ఇచట, రంగు వేసినది వేరొకచోట, పేరు పడినది మరియొకచోట. నూలు ధర పెరిగిన ప్రతిసారియు, కరెంటు ధర పెరిగిన ప్రతిసారియు దెబ్బ మాత్రము ఇచటనే తగిలినది; తొంభైల దశకపు చివరి నుండి ఆ పట్టణములో జరిగిన ఆత్మహత్యలను ఈ సభలో చాలమంది తమ వాడకట్టులోనే చూచిరి. 2017 నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరలను ఏటా అచట నేయించుటతో మగ్గములకు పని దొరికినది. 2024 ఆరంభమున ఆ పని నిలిచినప్పుడు మగ్గములును నిలిచినవి. పిదప మహిళా సంఘముల చీరల ఉత్తరువు వచ్చి మరల కదలినవి. ఒక్క కొనుగోలుదారుపై ఆధారపడిన ఊరు ఎట్లు శ్వాసించునో దీనివలన తెలియుచున్నది. నైపుణ్యమునకు లోటులేదు. నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇముడు చీరను నేసిన ఊరది. 2022లో వెల్ది హరిప్రసాద్ జీ-20 చిహ్నమును తన చేతిమగ్గముపై నేసి పంపగా ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ఆ విషయమును దేశమునకు చెప్పిరి. అట్టి చేతులున్న ఊరు బొమ్మలేని బట్టతో పొట్టపోసికొనవలసి వచ్చుటయే విచారము. ప్రక్కనున్న సిద్దిపేట నేతవారు నెత్తిన కుండ పెట్టుకొన్న గొల్లభామను చీర కొంగున నేసి భౌగోళిక గుర్తింపు పొందిరి. కరీంనగరపు వెండితీగె పనికి అంతకు ముందే ఆ గుర్తింపు దక్కినది. ఆ గుర్తింపు ఎంతవరకు కాపాడునో కొంచెము తరువాత మనవి చేసెదను.

జగిత్యాలలోను కోరుట్లలోను ఇప్పుడు ఏ బట్టల వీధికి పోయినను ‘మగ్గం వర్కు’ బోర్డు కనబడును. పెండ్లికూతురి రవికకు మగ్గపు పని లేకున్న పెండ్లి పూర్తికాదను స్థితి వచ్చినది. దుబాయి నుండి అన్న పంపిన డబ్బులో కొంత ఆ రవికమీద జరీగా, చమ్కీగా, కుందనుగా మెరయుచున్నది. నాలుగు కఱ్ఱల చట్రమున గుడ్డను డోలు తోలువలె బిగించి, కొక్కెపు సూదిని పై చేతితో దింపుచు, క్రింది చేతితో దారమందించుచు గొలుసుకుట్టు వేయు ఆ పనివారిలో పలువురు బెంగాలు, ఉత్తరప్రదేశముల నుండి వచ్చినవారు. వారి నేర్పు గొప్పది. దానిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. కాని ఆ పనిలో బొమ్మ వచ్చు విధమును గమనింపుడు. పలుచని కాగితముపై నెమలిని గీసి, గీత వెంబడి సూదితో బెజ్జములు పొడిచి, ఆ కాగితమును గుడ్డపై పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డపీచుతో అద్దగా చుక్కల నెమలి గుడ్డమీదికి దిగును. ఆ కాగితమెచటికైనను పోగలదు. ఇప్పుడది కాగితము కూడ కాదు. ఫోనులో వచ్చిన ఫోటో. కంప్యూటరు కుట్టుయంత్రము అదే నెమలిని ఒకేసారి పదిగుడ్డలపై కుట్టి ఇచ్చును. కాగితముపై నున్న బొమ్మ ఒంటరిగా ప్రయాణము చేయును. లెక్కలో నున్న బొమ్మ లెక్క తెలిసిన మనిషి వెంట గాని కదలదు. లంబాడీ కుట్టును ఇంతకాలము కాపాడినది ఆ లెక్కయే. ఇప్పుడు ఆ కుట్టు రూపమును ముద్రించిన పాలిస్టరు బట్ట వచ్చినది. అద్దపుబిళ్ళకు మారుగా మెరుపు కాగితపు చుక్క. చౌకగా దొరకుటచే తండా పిల్లలును దానినే కొనుచున్నారు.

పేరు వేరు, కూలి వేరు అను సంగతికి మన తెలుగునేలపై పశ్చిమ గోదావరి డెల్టాయందలి నరసాపురము కన్న పెద్ద ఉదాహరణము లేదు. 1844లో స్కాట్లండు నుండి వచ్చిన మాక్రే అను మిషనరీ దంపతులు నేర్పిన లేసు అల్లిక, గోదావరి లంకల పల్లెలలో వేలాది స్త్రీల చేతిపనియై ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల భోజనపు బల్లల మీదికి పోయినది. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అచటికి వచ్చి పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథమున ఒక కఠోర సత్యమును నిలువబెట్టెను: ప్రపంచ విపణికై పగలంతయు అల్లు ఆ స్త్రీలను వర్తకులును, ప్రభుత్వమును, వారి ఇంటివారును, తుదకు వారే తమ్మును, పనివారుగా గాక తీరిక వేళ ఏదో అల్లుకొను గృహిణులుగా ఎంచిరి, పనికాని పనికి కూలి అడుగువారుండరు గదా. దళారుల చేతులు మారినకొలది లాభము పెరిగినది, ఎగుమతి పెరిగినది, అల్లిన చేతికి మాత్రము అతిస్వల్పమే అందినది. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. నూట ఎనుబది యేండ్ల తరువాత వచ్చిన ఆ కాగితమును నేను చిన్నచూపు చూడను. కాని ఇంటి అరుగుమీద కూర్చుండి చేసిన పనిని పనిగా లెక్కింపనంతకాలము ఏ కాగితమును ఆ స్త్రీల కొంగున రూపాయి ముడివేయజాలదు. మన తండాలలోను, మన బీడీల వాడలలోను ఈ మాట ఎవరికి అర్థము కాదు?

భౌగోళిక సూచికల చట్టము 1999లో పుట్టి 2003 సెప్టెంబరులో అమలులోనికి వచ్చినది. అది కాపాడునది పేరును. సండూరులో కాని కుట్టును సండూరు కుట్టని అమ్మరాదు. అంతవరకు అది మంచిది. కాని అదే ఆకృతిని తీసికొని ‘గిరిజన శైలి’ యని పేరు పెట్టి యంత్రముపై కుట్టి అమ్మినచో ఆ చట్టము చేయగలిగినది స్వల్పము. 2000 నాటి డిజైనుల చట్టము కొత్త నమూనాలకే రక్షణ ఇచ్చును, అదియు పదునైదేండ్లకు మించదు. ముత్తవ్వ నాటి ఆకృతి కొత్తది కాదు గనుక ఆమె మనుమరాలికి దానియందు హక్కు లేదు, దానిని కొంచెము మార్చిన వర్తకునకు ఉండవచ్చును! కాపీరైటు చట్టము రచయిత ఎవరని అడుగును; తండాయంతయు కూడి నూరేండ్లుగా కుట్టిన బొమ్మకు రచయిత ఎవరు? ప్రపంచ మేధాసంపత్తి సంస్థలో 2000 నుండి దీనిపై చర్చలు సాగుచున్నవి. 2024 మే నెలలో జన్యువనరులపైనను, వానితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానముపైనను ఒక ఒడంబడిక కుదిరినది గాని, బొమ్మలు, పాటలు, కుట్లు వంటి వానిపై ఇంకను కుదరలేదు.

చట్టము లేనిచోట కొందరు నోరు విప్పి సాధించిరి. 2015లో మెక్సికో దేశపు వహాకా కొండలలోని మిహె ప్రజల రవికను పోలిన రవిక పారిస్ డిజైనరు ఇసబెల్ మరాంట్ పేర అమ్మకమునకు రాగా ఆ గ్రామము గ్రామమే లేచి ఇది మాదని చాటినది. అట్టి తగవులు మరికొన్ని జరిగిన పిదప 2022లో ఆ దేశము స్థానిక జాతుల సాంస్కృతిక సంపదను కాపాడుటకు ప్రత్యేక చట్టము చేసినది. రుమేనియాలో బిహోర్ సీమ కుట్టుకోటును పోలినదానిని డియోర్ సంస్థ 2017లో ప్రదర్శింపగా, మరుసటి యేట ‘బిహోర్ నాట్ డియోర్’ అను పేరుతో అసలు కుట్టువారి పనిని అసలు కుట్టువారి నుండియే కొనుడని ప్రచారము జరిపిరి. 2025లో ప్రాడా సంస్థ ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలినవి కనబడగా మన దేశమునను అట్టి అలజడియే కలిగినది. వీనిలో నాకు రుమేనియావారి మార్గము అధికముగా నచ్చినది. కోపమును వారు ఉత్తరువుగా, ఆ ఉత్తరువును కూలిగా మార్చుటకు యత్నించిరి.

మనకు దగ్గరనే అట్టి మార్గమున్నది. బళ్ళారి సీమలోని సండూరులో కుశలకళా కేంద్రమును ఆశ్రయించి లంబాణీ స్త్రీలు దశాబ్దములుగా కుట్టుచున్నారు. వారి కుట్టునకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023 జూలైలో హంపీలో జరిగిన జీ-20 సంస్కృతి సమావేశమున నాలుగువందల యేబదిమందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ పుస్తకమున కెక్కిరి. సిరిసిల్ల చేతిమగ్గము నేసిన చిహ్నము ఏ సమావేశములదో, సండూరు సూది కుట్టిన ప్రదర్శన ఆ సమావేశములదే. గిన్నిస్ పుస్తకము కన్న నాకు ముఖ్యమైనది మరియొకటి: అచటి స్త్రీలు కలసి కూర్చుండి కుట్టుదురు, కుట్లకు పేర్లు పెట్టి చెప్పగలరు. పేరున్న కుట్టునకు ధర చెప్పవచ్చును. ధర చెప్పగలిగినచో తక్కువ ధరను కాదనవచ్చును.

మన సీమలో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ప్రదర్శనశాల కట్టుడని కొందరు, మగ్గము వర్కు శిక్షణ ఇప్పించుడని కొందరు చెప్పుదురు. నా మనవి ఇంతకన్న చిన్నది. మొదట నేల. పడుగును పేకయు సమముగా, పోగు కంటికి కనబడునట్లు, ముతక నూలుతో నేసిన, రంగు నిలుచు ఎఱ్ఱబట్ట తండాలకు దొరకవలెను. మెట్‌పల్లిలో ఖాదీ నేత ఇంకను ఉన్నది. సిరిసిల్లలో చేతిమగ్గము ఎఱిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. కుట్టువారు కోరిన బట్టను నేతవారు నేయుట అను చిన్న కార్యము జరిగినచో, రెండు వృత్తులు ఒక సరకున కలియును. బొమ్మలేని బట్టకు బొమ్మ, గుడ్డలేని బొమ్మకు గుడ్డ దొరకును. రెండవది లెక్క. ఒక జానెడు అంచునకు ఎన్ని గంటలు పట్టునో కుట్టువారే కూర్చుండి తేల్చి, ఆ గంటలకు వ్యవసాయపు కూలికి తగ్గని వెల కట్టి, ఆపైన గుడ్డ, దారము, అద్దముల ఖరీదు వేయవలెను. ఆ ధరకు కొనువారు మొదట కొద్దిమందియే ఉందురు, ఉండనిండు. ఒక్క పెద్ద ఉత్తరువు కన్న పది చిన్న ఉత్తరువులు మేలని సిరిసిల్లను చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. డల్లాసులోను మెల్‌బోర్నులోను ఉన్న మన పిల్లలు బతుకమ్మ నాడు ధరింపదగిన ఉత్తరీయమునకో, పెండ్లిలో పెట్టదగిన సంచికో వెల ఇయ్యగలరు. దానితో కుట్టిన ఆమె పేరు, తండా పేరు తప్పక పోవలెను. మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, తండా తన పండుగకు తాను కుట్టుకొనుట. పెండ్లికూతురు నీళ్ళకుండతో వాడు ఫులియా-గణో కుట్టుబట్టల వంటివి అంగడికి పోకున్నను పరవాలేదు. ఏది అమ్మవచ్చును, ఏది అమ్మరాదు అని తేల్చునది తండా నాయక్ గాని, అధికారి గాని, నావంటి ఉపన్యాసకుడు గాని కాదు, దానిని కుట్టు స్త్రీలు.

ఈ విషయమై మెట్‌పల్లి నేతవారితో మాటాడితిని. వారు సిద్ధముగా ఉన్నారు. ఆదర్శముల మాటలు వినిన పిదప వారు నన్నడిగినవి రెండే: ఎన్ని గజములు కావలెను, నూలుకు ముందుగా డబ్బు ఎవరు పెట్టుదురు? రెండవదానికి మహిళా సంఘముల పొదుపు నుండి అప్పు తీయవచ్చునని ఈ సభకు వచ్చిన సంఘాల అక్కలు ఇంతకు ముందే నాతో చెప్పిరి. మొదటి ప్రశ్నకు జవాబు తండాల తల్లులు చెప్పవలెను. శ్రావణమున తీజ్ వచ్చును. నూలు తెచ్చి, రంగు వేసి, నేసి అందించుటకు రెండు నెలలైనను పట్టునని నేతవారి లెక్క. కనుక సభ ముగిసిన వెంటనే ఈ మంటపముననే తండాల తల్లులును, సభకు వచ్చిన నేతవారును ఎదురెదురుగా కూర్చుండి, తండాకు ఎన్ని గజములో, పోగు ఎంత లావో, ఎఱుపు ఏ ఛాయయో నిర్ణయింపవలెనని ప్రార్థించుచున్నాను. మాస్టరుగారి పుస్తకములు ఆ బల్లపై తెరచియున్నవి. పాత ఖద్దరు నమూనాలను పోగు పోగు లెక్కించి చూచుటకు పనికివచ్చును.